ముందు కొక్కెం, తర్వాతే చెయ్యి

*గోదావరి పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. భద్రాచలంలో చెత్త ఎక్కడ పోయాలన్న గొడవ మళ్లీ నలుగుతోంది. ఆ చెత్తలోంచి పనికొచ్చేది ఏరి బతికేవాళ్ల చేతుల గురించి మాత్రం మాట రావడం లేదు. ఖమ్మం మున్నేరు ఒడ్డు నుంచి మన్యం అంచు దాకా వాళ్ల పని ఎలా ఉంటుంది, ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుంది?*

రాములవారి కల్యాణం జరిగిన మర్నాడు. భద్రాచలంలో ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. మిథిలా స్టేడియం బయట చలువ పందిళ్ల కింద నిన్నటి జనం వదిలిపోయినదంతా ఎక్కడిదక్కడే ఉంది. నీళ్ల సీసాలు, మజ్జిగ ప్యాకెట్లు, పులిహోర అంటుకున్న కాగితం ప్లేట్లు, జత తప్పిన చెప్పులు, ఎండకు నెత్తిన పెట్టుకుని పోతూ పోతూ పారేసిన అట్టముక్కలు. ట్రాక్టరు వచ్చేలోపే అక్కడికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, అత్తాకోడళ్లు. అత్త ఎడమ భుజాన మనిషెత్తు ప్లాస్టిక్ బస్తా. కుడిచేతిలో కొస వంచిన ఇనప చువ్వ.

ఆమె చెయ్యి ఎక్కడా తడబడదు. సీసా ఎత్తుతుంది, మూత తిప్పి మిగిలిన నీళ్లు ఒంపేస్తుంది, మడమతో ఒక్క తొక్కు తొక్కి బస్తాలో వేస్తుంది. మూత మాత్రం నడుముకు కట్టుకున్న కవర్లోకి పోతుంది. సీసా ఒక రకం ప్లాస్టిక్కు, మూత ఇంకో రకం. కాటా దగ్గర రెండూ విడివిడిగా ఉంటే రెండు రూపాయలు ఎక్కువొస్తాయి. ముడేసిన నల్ల కవరు కనబడితే మాత్రం ఆగుతుంది. చువ్వతో మెల్లగా తట్టి చప్పుడు వింటుంది. కొన్నిటిని కొసతో చీల్చి చూస్తుంది, కొన్నిటి జోలికే పోదు.

కోడలు పనికి కొత్త. కవరు మూతి లాగి చెయ్యి లోపలికి పెట్టబోయింది.

"ముందు కొక్కెం పెట్టవే. చెయ్యి తర్వాత."

"అన్నీ సీసాలే కనబడుతున్నయ్ అత్తా."

"పైన సీసాలే ఉంటయ్. అడుగునేముందో నీకెట్ల తెలుసు?"

కోడలికి తెలియదు. ఆ కవరు ముడేసి పారేసినవాళ్లకు తెలుసు.

పోయడానికి చోటు లేని ఊరు

2015 పుష్కరాలకు భద్రాచలం కిక్కిరిసిపోయింది. 2027లో మళ్లీ పుష్కరాలు. ఘాట్లు, రోడ్లు, బస్సుల లెక్కలతో పాటు ఈసారి చెత్త లెక్క కూడా పైకొచ్చింది. కారణం ఊరి భూగోళంలోనే ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. చుట్టూ ఉన్న పల్లెలు అటుపోయాయి. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను వెనక్కి ఇవ్వాలని తెలంగాణ అప్పటినుంచీ అడుగుతూనే ఉంది. 2024 జులైలో ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కూర్చున్నప్పుడూ ఈ మాట వచ్చింది. స్థానికులు ఆ అయిదు ఊళ్లు కావాలనడానికి చెప్పే కారణాల్లో దేవుడి మాన్యం ఒకటైతే, డంపింగ్ యార్డు ఇంకొకటి. ఇళ్ల మధ్య నుంచి తీసిన చెత్త ఊరు దాటితే పక్క రాష్ట్రం.

ఆ ఇరుకులో గోదావరి గట్టు అందరికీ దగ్గరైపోయింది. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు లేచింది. ఆ తర్వాతే ఊరిని కాపాడేందుకు కరకట్ట కట్టారు. ఆ కట్ట పక్కన చెత్త పోస్తున్నారన్న ఫిర్యాదు ఏళ్ల నాటిది. 2022 జులైలో నది మళ్లీ 71 అడుగులు దాటింది. గోదారమ్మ అలా లేచినప్పుడల్లా ఒడ్డున పోసింది ఒడ్డునే ఉండదు. వరద తగ్గాక ఒండ్రులో కూరుకుపోయిన చెత్తను ఏరడానికి మళ్లీ ఆ చేతులే దిగాలి. ఒండ్రు ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది, అందులో గాజుపెంకు ఎటు తిరిగి ఉందో కంటికి ఆనదు.

పల్లెల్లో పరిస్థితి పైకి కొంత మెరుగు. 2019 పల్లె ప్రగతితో తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి, ఊరి చివర డంపింగ్ యార్డులు, తడి పొడి చెత్త వేరు చేసే షెడ్లు లేచాయి. షెడ్డు గోడ మీద బొమ్మలు రంగురంగులుగా ఉంటాయి. లోపల గదులు చాలాచోట్ల ఖాళీ, చెత్త షెడ్డు ముందే తగలబడుతుంటుంది. ఆ పొగ వచ్చేవైపు నిలబడి ఎవరో ఒకరు ఇనప ముక్కలు కెలుకుతుంటారు. ఆరుబయట చెత్త తగలబెడితే అయిదు వేలు, పెద్ద ఎత్తున తగలబెడితే పాతిక వేలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఆ జరిమానా మన ఊళ్లలో ఎవరు కట్టారో నాకైతే కనబడలేదు.

మున్నేరు వదిలిపోయిన సామాను

ఖమ్మం వాళ్లకు 2024 సెప్టెంబరు 1 తేదీ చెబితే చాలు. మున్నేరు పొంగి కరుణగిరి, బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్, మోతీనగర్ వైపు ఇళ్లలోకి కప్పుల దాకా నీళ్లెక్కాయి. నీరు తీశాక వీధుల్లో గుట్టలు లేచాయి. నానిన పరుపులు, ఉబ్బిన బీరువా తలుపులు, ఫ్రిజ్‌లు, మిక్సీలు, పిల్లల పుస్తకాలు, పెళ్లి చీరల మూటలు. సంసారాలకు సంసారాలే రోడ్డు మీదికొచ్చాయి.

పాత సామాన్ల వాళ్లకు ఇలాంటి రోజులు రాబడి రోజులు. ఇబ్బందిగా అనిపించినా నిజం అదే. ఫ్రిజ్ వెనకాల కంప్రెసరులో రాగి ఉంటుంది, మిక్సీ మోటారులో రాగి చుట్ట ఉంటుంది. అయితే వరద చెత్తకూ మామూలు చెత్తకూ తేడా ఉంది. మురుగు కలిసిన నీళ్లలో నానింది కాబట్టి ప్రతి వస్తువూ మలినమే. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. అది కాలి పగుళ్లలోంచి, గోటి చుట్టూ చీలికల్లోంచి లోపలికి పోతుంది. ఇన్వర్టరు బ్యాటరీ పగిలి ఉంటే అందులో గంధకికామ్లం. టీవీ, మైక్రోవేవ్ ఓవెన్‌ల లోపల కెపాసిటర్లలో ప్లగ్గు తీసేసినా కొంతసేపు కరెంటు నిలవుంటుంది. స్క్రూడ్రైవరు పెట్టగానే చెయ్యి విదిల్చేస్తుంది.

అసలు ఇబ్బంది రాగి దగ్గర మొదలవుతుంది. తీగ మీది తొడుగు ఒలిచే ఓపిక లేక కుప్పపోసి తగలబెడతారు. ఆ తొడుగు పీవీసీ. కాలితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, డయాక్సిన్లు ఉంటాయి. గొంతు అప్పటికప్పుడే మండుతుంది, మిగతా కీడు ఏళ్ల మీద తెలుస్తుంది. పైగా వ్యాపారంగా చూసినా అది తెలివైన పని కాదు. కాల్చిన రాగి నల్లబడి పెళుసెక్కుతుంది. ఒలిచిన ఎర్రరాగికి వచ్చే ధర దానికి రాదు. బ్లేడు బిగించిన చెక్కలోంచి తీగను లాగితే తొడుగు బద్దలా ఊడొస్తుంది. ఆ చెక్క తయారుచేసుకోవడానికి ఒక మేకు, ఒక బ్లేడు చాలు.

> బాక్సు: చేతికి తగిలితే
>
> సూది గుచ్చుకుంటే: నోటితో పీల్చకూడదు, గట్టిగా పిండకూడదు. పారే నీటి కింద సబ్బుతో కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఆ మందులు 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట ఏడు రోజుల దాకా బతికి ఉండగలదు, దానికి టీకా ఉంది.
>
> తుప్పు ఇనుము, గాజు కోస్తే: ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తుండాలి. చెత్తలో తగిలిన మురికి గాయమైతే అయిదేళ్లు దాటినా మళ్లీ వేయించుకోవాలి.
>
> కుక్క కరిస్తే: గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంట సేపు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. టీకా ఒక్క సూదితో అయిపోయేది కాదు, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి.
>
> పాము కాటేస్తే: తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు. కాలు చెయ్యి కదలకుండా పెట్టి, పరుగెత్తించకుండా బండి మీద ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

కాటా మీద ఎవరి విలువ ఎంత

చెత్తలో అందరికీ చెత్తే కనబడుతుంది. ఏరేవాళ్లకు అంతస్తులు కనబడతాయి. అన్నిటికన్నా పైన రాగి, తర్వాత ఇత్తడి, ఆ తర్వాత మనం సత్తు అనీ సిల్వర్ అనీ పిలిచే అల్యూమినియం. ఇనుము, గట్టి ప్లాస్టిక్, నీళ్ల సీసాలు, అట్టపెట్టెలు, పాల కవర్లు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. బీరు సీసాలకు తూకం ఉండదు, లెక్కే. పగిలితే గాజు కింద పోతుంది, లెక్కలోంచి జారిపోతుంది. చిప్స్ ప్యాకెట్‌ను ఎవరూ ముట్టరు. ప్లాస్టిక్కూ లోహపు పూతా పొరలు పొరలుగా అతికి ఉండే ఆ కవరును విడదీసి కరిగించే దారి ఇక్కడ ఏ కొట్టువాడికీ లేదు. టీ తాగి పారేసే కాగితం కప్పుదీ అదే గతి, లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది.

ఏ ప్లాస్టిక్ ఏదో చెప్పడానికి వీళ్లకు ప్రయోగశాల అక్కర్లేదు. నొక్కితే కరకరమనేది ఒకటి, మెత్తగా లొంగేది ఒకటి, వంచితే తెల్లగీత పడేది మరొకటి. అందుకే చేతులకు తొడుగులు వేసుకోమంటే చాలామంది మొహం చిట్లిస్తారు. వేళ్ల కొసలతోనే సగం పని నడుస్తుంది మరి. స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఫొటోల కోసం పంచే పల్చటి రబ్బరు తొడుగులు ఈ పనికి బొత్తిగా పనికిరావు. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలకు అటూఇటూగా కాస్తుంది. ఆ రబ్బరులో చెయ్యి నీళ్లు కారి జారిపోతుంది. సూదిని అది ఎటూ ఆపదు. హార్డ్‌వేర్ కొట్లలో దొరికే అల్లిక తొడుగులు నయం. పైన గాలి ఆడుతుంది, అరచేతి వైపు మందపాటి రబ్బరు పూత ఉంటుంది. వాటిలోంచీ సూది గుచ్చుకుంటుంది కానీ గాజు అంత తొందరగా కోయదు. తాపీమేస్త్రీలు, టైల్స్ వేసేవాళ్లు వాడేవి అవే. కాలికి చెత్తలో దొరికిన బూట్లే వేసుకుంటారు చాలామంది. అదీ మంచిదే, ఒక్క షరతు మీద: వేసుకునే ముందు తలకిందులు చేసి దులపాలి. తేళ్లు ఉండేది అక్కడే.

ఈ పనిలోకి వచ్చినవాళ్లెవరూ కావాలని వచ్చినవాళ్లు కారు. ఊరూరా తిరిగి బుర్రకథ చెప్పిన బుడగజంగాల కుటుంబాల్లో చాలామంది పాత సామాన్లలోకి, చిక్కు వెంట్రుకల్లోకి దిగారు. పల్లెటూళ్లో ఇప్పటికీ పొద్దున్నే వినబడే కేక అదే కదా, చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లిస్తామని. దువ్వెనకు చుట్టుకున్న ఆ ఉండలు ఏలూరు లాంటి చోట్ల విప్పి, శుభ్రం చేసి, పొడవు ప్రకారం కట్టలు కడతారు. అక్కడి నుంచి విదేశాలకు పోతాయి. పారేసే వస్తువు దగ్గర అందరూ ముక్కు మూసుకుంటారు, డబ్బు కావాలన్నప్పుడు అదే వస్తువు ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది.

గోదావరి దగ్గర ఇంకో ఏరుడు ఉంది. భక్తులు వేసే చిల్లర కోసం కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసురుతారు. స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్లలు పట్టుకుని వస్తాయి. పసుపు రంగు అయిదు రూపాయల బిళ్లకు అయస్కాంతం అంటదు, దానికి మునగాల్సిందే. ఎగువన గేట్లు ఎత్తారన్న కబురు ఘాటు మీద అందరికన్నా ఆలస్యంగా తెలిసేది మునిగినవాడికే.

గడ్డిమందు డబ్బా

ఇక్కడికి వచ్చాక కాస్త నిదానించాలి. పట్నాల్లో చెత్త ఏరేవాళ్లకు సూదులు, గాజులు ప్రమాదమైతే, ఖమ్మం జిల్లాలో అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది.

ఇది మిర్చి, పత్తి నేల. ఖమ్మం మార్కెట్‌కు తేజ మిర్చి బస్తాలు వచ్చే రోజుల్లో రోడ్డు మీద నడిస్తే కళ్లు మండుతాయి. ఆ పంట బస్తాలోకి చేరేలోపు ఎన్నిసార్లు మందు కొట్టారో చేను గట్టు చూస్తే తెలుస్తుంది. ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు, రేకు పూత కవర్లు. గట్టి తెల్ల ప్లాస్టిక్ కాబట్టి కాటా దగ్గర మంచి రకమే. పొలాలెంట తిరిగి ఏరేవాళ్లకు బస్తా తొందరగా నిండుతుంది. చెమట పట్టిన భుజాన ఆ బస్తా మోసుకుంటూ నడుస్తారు. మూత సరిగ్గా లేని డబ్బాలోంచి కారిన చుక్క బట్ట తడుపుతుంది, బట్టలోంచి ఒంట్లోకి దిగుతుంది. పురుగుమందుల్లో చాలావాటికి నోట్లోకే పోనక్కర్లేదు, చర్మం చాలు. సాయంత్రానికి తల తిరగడం, వాంతులు, చొంగ కారడం, కంటిపాప చిన్నదవడం. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెడతారు.

పారాక్వాట్ గడ్డిమందు అన్నిటిలోకీ భయంకరమైనది. దానికి విరుగుడు లేదు. ఒక్క గుక్క చాలు, మనిషి తెలివిలో ఉండగానే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆత్మహత్యల వార్తల్లోనే ఈ పేరు మనకు తెలుసు. ఖాళీ డబ్బాను కడిగి నీళ్లకో, కిరోసిన్‌కో, నూనెకో వాడుకునే ఇళ్లలోనూ అదే ఉంటుంది. డబ్బా బాగుందనిపించి ఇంటికి తెచ్చుకోవడం, వంటింట్లో పెట్టడం, పిల్లలు తెలియక ఎత్తడం. ఈ వరస మన్యంలో ఆశా కార్యకర్తలకు కొత్త కాదు.

పురుగుమందుల నిబంధనలు 1971 నుంచీ చెబుతున్నది ఒకటే: ఖాళీ డబ్బాను మళ్లీ వాడటానికి వీల్లేకుండా చెయ్యాలి, ఊరికి దూరంగా పాతిపెట్టాలి. చేను దగ్గరే మూడుసార్లు కడిగి, ఆ కడుగునీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోసి, డబ్బాకు అడుగున చిల్లు పొడిస్తే సగం ప్రమాదం తీరుతుంది. రైతుకు దీనికి పట్టేది రెండు నిమిషాలు. మందు అమ్మే కొట్టువాడు ఖాళీ డబ్బా వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు. బీరు సీసాకు ఉన్న ఆ పాటి మర్యాద విషం డబ్బాకు లేకపోవడం విడ్డూరం. ఏరేవాళ్లు మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటుంది. దానిలో సగం ఎరుపో పసుపో ఉంటే ఆ డబ్బా ముట్టుకోకూడదు.

అడవి అంచున ఇనుము

చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు వెళ్లినకొద్దీ చెత్త తగ్గుతుంది. ప్రమాదం స్వభావం మారుతుంది. దారి పక్కన స్టీలు టిఫిన్ గిన్నె కనబడటం ఊళ్లో అయితే అదృష్టం. అడవిలో కాదు. భద్రతా బలగాల కోసం పెట్టిన మందుపాతరలు ఈ సరిహద్దు అడవుల్లో మామూలు మనుషుల్ని చంపాయి. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెల కోసం వెళ్లిన ఒక మనిషి అలాగే చనిపోయాడు. మట్టిలోంచి తీగ బయటికి కనబడితే లాగకూడదు. మూత బిగించిన గిన్నె, క్యాను, టేపు చుట్టిన పైపు ఉంటే వచ్చిన అడుగుల మీదే వెనక్కి నడిచి ఊళ్లో చెప్పాలి.

పొలం గట్టు మీద తీగ కూడా అంతే. అడవిపందుల కోసం కరెంటు ఉచ్చులు బిగిస్తారు. తెల్లవారేసరికి తీసేస్తామంటారు, తీయరు. పందుల కోసమే మేతలో పెట్టే నాటుబాంబు చూడ్డానికి గుడ్డముక్క చుట్టిన ఉండలా ఉంటుంది. ఇల్లందు, మణుగూరు, కొత్తగూడెం బొగ్గుగనుల చుట్టూ ఇంకో జాగ్రత్త కావాలి. పేలుడు పనికి వాడే డిటోనేటరు చిటికెనవేలంత లోహపు గొట్టం, దానికి రంగు తీగలు. పిల్లలకు అది బొమ్మలా కనబడుతుంది.

పాముల సంగతి వేరే చెప్పక్కర్లేదు గానీ చెప్పాల్సింది ఒకటుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ ఈ నేల మీద ఉన్నాయి. ఎలుకలున్నచోటికి అవి వస్తాయి, చెత్త ఉన్నచోటికి ఎలుకలొస్తాయి. సిమెంటు సంచుల దొంతరను పైనుంచి కాకుండా అవతలి అంచు పట్టి కొక్కెంతో మనవైపు ఎత్తాలి. సంచి మనకూ పాముకూ మధ్య అడ్డంగా ఉంటుంది, అది అటు జారిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఇలా ఎత్తడం దగ్గర నిలబడి చూస్తే చాలు, వేరే పాఠం అక్కర్లేదు.

ఎవరిది ఏరుతున్నామన్నదీ ప్రమాదమే. పారేసిన ఇనుముకూ, పక్కన పెట్టిన ఇనుముకూ తేడా పోలీసుస్టేషనులో తెలుస్తుంది. రైలు పట్టాల పక్కన పడి ఉన్న బోల్టు తీసుకున్నా రైల్వే ఆస్తి చట్టం కిందికి వస్తుంది. 2024 ఆగస్టు 5న పాల్వంచలోని థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి పడగొట్టారు. ఆ స్థాయి తుక్కుకు టెండర్లు, లారీలు, గేట్ పాసులు ఉంటాయి. భుజాన బస్తాతో తిరిగేవాళ్ల చేతిలో ఏ కాగితమూ ఉండదు, ఏదైనా పోతే ముందు విప్పి చూసేది వాళ్ల బస్తానే.

> బాక్సు: మార్చి 1
>
> చెత్త ఏరేవాళ్లకు ప్రపంచ దినం ఒకటుంది. 1992లో కొలంబియా దేశం బరాంకియా నగరంలో ఒక విశ్వవిద్యాలయం ఆవరణలో పాత సామాన్లు ఇస్తామని పిలిచి చెత్త ఏరుకునేవాళ్లను చంపారు. శవాలను వైద్య విద్యార్థులు కోసిచూసే గదికి చేర్చారు. కొట్టిన దెబ్బలకు చనిపోయాడనుకున్న ఒకాయన తప్పించుకుని పోలీసులకు చెప్పడంతో బయటపడింది. ఆ రోజు గుర్తుగానే మార్చి 1.

ముడి వేసే చేతులు

ధనిక దేశాల్లో సూపర్‌మార్కెట్ల వెనక డబ్బాల్లోకి దిగి తినదగ్గవి, వాడదగ్గవి ఏరుకోవడం చదువుకున్న కుర్రాళ్లకు ఒక పట్టుదల. వృథా మీద నిరసన కూడా. ఫ్రాన్స్ 2016లో పెద్ద దుకాణాలు మిగిలిన తిండిని పారేయకుండా దానం చేయాలని చట్టమే చేసింది. వాళ్లకున్న వెసులుబాటు ఏమిటంటే, ఒక రోజు వెళ్లకపోయినా పస్తు ఉండదు. ఏది ముట్టుకోవాలో ఏది వద్దో తీరిగ్గా ఎంచుకోవచ్చు. మన దగ్గర ఆ ఎంపిక ఏరేవాళ్ల చేతిలో సగమే. మిగతా సగం ఇంటి వంటగదిలో జరిగిపోతుంది.

చెత్తలో సూదులనగానే ఆసుపత్రుల వైపు వేలు చూపిస్తాం. ఆసుపత్రులకు 2016 నుంచి ఈ రంగుల లెక్క ఉంది. పసుపు, ఎరుపు సంచులు, గాజుకు నీలం డబ్బా, సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా. అది అన్నిచోట్లా నడుస్తుందని నేననను. అయితే ఇవాళ వీధి చెత్తలోకి వస్తున్న సూదుల్లో ఇంట్లో షుగరుకు ఇన్సులిన్ పొడుచుకునేవాళ్లవీ ఉన్నాయి. పొద్దునా సాయంత్రం వాడి, కవర్లో వేసి, ముడి బిగించి గడప అవతల పెట్టేస్తాం. మందపాటి ప్లాస్టిక్ సీసా ఒకటి పక్కన పెట్టుకుని సూదులన్నీ అందులో వేసి, నిండాక మూత బిగించి, 'సూదులు' అని రాసి విడిగా ఇస్తే అంతటితో సరి. పగిలిన గాజును అట్టలో చుట్టి 'గాజు' అని రాయాలి. పుణె, బెంగళూరుల్లో శానిటరీ ప్యాడ్లను కాగితంలో చుట్టి పైన ఎర్రచుక్క పెట్టే అలవాటు తెచ్చారు. విప్పి చూడకుండానే అవతలివాళ్లకు తెలుస్తుంది. మన ఇళ్లలో ఎర్రరంగుకు కరువా, కుంకుమ బొట్టు పెట్టినా సరిపోతుంది.

ఇది జరగని పని కాదు. ఖమ్మం పక్కనే ఉన్న సూర్యాపేట ఇరవై ఏళ్ల కిందటే, ఎస్.ఎ. ఖాదర్ మున్సిపల్ కమిషనరుగా ఉన్న కాలంలో, వీధి చెత్తకుండీలు తీసేసి ఇంటింటి దగ్గర తడి పొడి వేరుగా తీసుకున్న ఊరు. తడిది వర్మీకంపోస్టుకు, పొడిది అమ్మకానికి పోయేది. దేశం నలుమూలల నుంచీ అధికారులు వచ్చి చూసి వెళ్లారు. పుణెలో చెత్త ఏరే ఆడవాళ్లు 1993లో సంఘం కట్టుకుని, 2008 నుంచి 'స్వచ్ఛ్' సహకార సంస్థగా ఇంటింటికీ తామే వెళ్లి చెత్త తీసుకుంటున్నారు. గుట్ట మీద కెలికేబదులు గుమ్మం దగ్గర తీసుకుంటే చెయ్యి అడుగుకు పోయే అవసరమే తగ్గుతుంది.

కాగితం మీద మనకు తక్కువేమీ లేదు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్లను గుర్తించమన్నాయి, వాళ్లను సేకరణలో కలుపుకోమన్నాయి. చెత్త పని చేసేవాళ్లకు తొడుగులు, బూట్లు, మాస్కు, వానకోటు ఇవ్వమన్నాయి. మురుగు కార్మికుల కోసం కేంద్రం తెచ్చిన 'నమస్తే' పథకంలో 2024లో చెత్త ఏరేవాళ్లనూ చేర్చారు. పేర్లు రాసుకోవడం, గుర్తింపు కార్డు, ఆరోగ్య బీమా అందులో ఉన్నాయి. బస్తా విప్పించే పోలీసుకు చూపించడానికి చేతిలో ఒక కార్డు ఉండటం చిన్న విషయం కాదు.

చిక్కల్లా భద్రాచలం దగ్గరే వస్తుంది. నమస్తే పథకం మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు ఆధారంగా నడుస్తుంది. ఖమ్మం కార్పొరేషన్‌కు దానవాయిగూడెంలో డంపింగ్ యార్డు ఉంది, పథకం వర్తించే హోదా ఉంది. అక్కడ కదలిక లేకపోతే అడగడానికి ఒక ఆఫీసు ఉంది. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల అధ్యాయం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు. అందుకే ఇంత పెద్ద పుణ్యక్షేత్రం ఇప్పటికీ గ్రామ పంచాయతీయే. పుష్కరాలకు లక్షల మంది వచ్చి వెళతారు, వాళ్లు వదిలే చెత్త మహానగరాల స్థాయిలో ఉంటుంది, దాన్ని ఏరే మనిషి మాత్రం కాగితాల్లో పల్లెటూరి మనిషి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి ఆదివాసీల పథకాలున్నాయి, పంచాయతీకి ట్రాక్టరు ఉంది, దేవస్థానానికి స్వచ్ఛ సేవకులున్నారు. ఈ ముగ్గురిలో ఏరేవాళ్ల జాబితా రాయాల్సింది ఎవరన్న ప్రశ్నకు పుష్కరాల ఏర్పాట్ల సమీక్షలోనే జవాబు దొరకాలి. ఘాట్ల టెండర్లు పిలిచే రోజునే ఆ జాబితా రాయడం మొదలుపెడితే, జనం వచ్చేనాటికి కార్డులు, బూట్లు, ధనుర్వాతం సూదులు అందుతాయి.